మూడో పిలుపు

హెల్సింకీకి చాలా దూరంగా, సరస్సు ఒడ్డునున్న సర్కిలంపిలో ఎవరైనా పోతే కబురు ముందు పాస్టరుకు వెళ్ళేది, ఆ వెంటనే రౌనికి. పోయినవాళ్ళ సంగతి పాస్టరు చూసుకునేవాడు, మిగిలినవాళ్ళ సంగతి రౌని చూసుకునేది. చర్చి హాలు వంటగది ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ చేతి మీద నడిచింది. బాప్తిస్మమైనా, పెళ్ళయినా, చావైనా కాఫీ కాచింది ఆవిడే, ఏలకుల రొట్టెను జడలా అల్లి కాల్చింది ఆవిడే. ఊళ్ళో యాభై దాటిన వాళ్ళెవరైనా సరే, తమ బతుకులో ముఖ్యమైన రోజుల్లో రౌని చేతి కాఫీ తాగినవాళ్ళే.

కాఫీ కాయడం ఎవరైనా చేస్తారు. సర్కిలంపిలో అసలు పని దాన్ని తాగించడం. జనం వచ్చి గోడల వెంబడి కుర్చీల్లో కూర్చుంటారు. బల్ల మీద కప్పులు, రొట్టె, బిస్కట్లు, పొగలు కక్కే కాఫీ పాత్ర. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వచ్చినవాళ్ళే అందరూ. అయినా ఒక్కరు లేవరు. ఒకరు కిటికీలోంచి సరస్సు కేసి చూస్తారు. ఒకరు తన చేతుల్ని అప్పుడే కొత్తగా చూసుకుంటున్నట్టు చూసుకుంటారు. ముందు లేచినవాడికి తిండికి మొహం వాచినవాడని పేరు పడుతుంది, ఆ పేరు మనవల దాకా పోతుంది. అంత మొహమాటం ఆ ఊరిది. అందరూ ఇంకెవరో లేవాలని ఎదురుచూస్తూ కూర్చుంటారు, ఈలోగా కాఫీ చల్లారిపోతుంది.

ఈ చిక్కుముడి విప్పడం రౌనికి వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. మొదటిసారి వంటగది గుమ్మంలో నిలబడి అందరినీ కలిపి పిలిచేది. ఎవరూ కదలరు, కదలాలని ఆవిడా అనుకునేది కాదు. కాసేపాగి కుర్చీల మధ్యకు వచ్చి రెండోసారి పిలిచేది. అప్పుడు కొందరు గొంతు సవరించుకునేవారు. మూడోసారి ఎవరో ఒకరిని ఎంచుకుని, పేరు పెట్టి, మోచెయ్యి పట్టుకుని లేపేది. ఎవరిని లేపాలో చూడ్డంలోనే ఉంది ఆవిడ పనితనమంతా. మోకాళ్ళు పట్టేసి ఎలాగూ లేచి నడవాల్సినవాళ్ళనో, బస్సు టైమయినవాళ్ళనో ఎంచుకునేది. లేవడానికి వాళ్ళ చేతికి ఒక సాకు అందించేది. ఒకరు లేస్తే చాలు, వెనకాల వరసంతా దానంతటదే కట్టేది.

అందరిలోకీ మొండిఘటం అర్మస్. రౌనితో కలిసి చదువుకున్నవాడు, బళ్ళో ఆవిడ వెనక బెంచీ. నలభై ఏళ్ళు దుంగల లారీ నడిపాడు. అతన్నుంచి అవుననో కాదనో ఒక్క ముక్క సూటిగా రాబట్టినవాళ్ళు ఆ జిల్లాలో లేరు.

"అర్మస్, కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. నేనిప్పుడే ఇంట్లో తాగొచ్చాను."

"నువ్వు ఇంట్లో కాచుకునేదాన్ని కాఫీ అంటారా?"

"అంటారేమో. అనకపోవచ్చు కూడా."

"లే మరి. నువ్వు లేస్తేగాని నేను ఈ చివరి రొట్టె కొయ్యలేను."

అప్పుడు లేచేవాడు, రౌనికి ఏదో ఉపకారం చేస్తున్నట్టు. తర్వాత మూడు కప్పులు తాగేవాడు. ఇక ఆవిడ మాటంటారా, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ బల్ల దగ్గర ఒక్కసారి కూడా ముందు కప్పు తీసుకోలేదు. అందరూ తాగాక, గిన్నెలు కడిగాక, పాత్ర అడుగున మిగిలింది నిలబడి తాగేది.

పని మానేసిన మూడేళ్ళకు, అరవై ఎనిమిదో ఏట, ఆవిడకు ఎడమ రొమ్ములో కేన్సర్ వచ్చింది. నగరంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు, తర్వాత కొన్ని వారాలు కరెంటు పెట్టారు, రోజుకో మాత్ర చొప్పున అయిదేళ్ళు వేసుకోమన్నారు. భర్త లౌరి అప్పటికే పోయాడు. రౌని ఒక్కతే బస్సులో వెళ్ళింది, ఒక్కతే వచ్చింది, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగనివ్వలేదు. ఆవిడ అంత మంచి రోగి ఇంకొకరు లేరని వార్డులో నర్సులు అనుకునేవారు. పాపం, వాళ్ళకేం తెలుసు.

రెండేళ్ళ పాటు ఆసుపత్రి వాళ్ళే పిలిచి చూశారు. ఆ తర్వాత సైలా అనే నర్సు దగ్గర కూర్చోబెట్టారు. సైలాకు నలభై అయిదు ఉంటాయి, హెల్సింకీ నుంచి కొత్తగా వచ్చింది, చకచకా మాట్లాడుతుంది.

"ఇకమీదట మేం మిమ్మల్ని పిలవం రౌనిగారూ. ఏడాదికోసారి రొమ్ము ఫోటో, అంతే. మధ్యలో ఏదైనా తేడా అనిపిస్తే మీరే ఫోన్ చెయ్యాలి. ఎత్తేది నేనే. డాక్టరు కోసం నెలల తరబడి చూడక్కర్లేదు, వారంలో చూపిస్తాను." గడ్డ తగిలితే, ఎముక నొప్పి తగ్గకపోతే, ఊపిరి ఆడకపోతే, అంటూ ఏమేం గమనించుకోవాలో చెప్పి, నంబరున్న కార్డు చేతికిచ్చింది. "ఏమైనా అడగాలా?"

"అడగడానికేముంటుంది."

"అయితే సరే," అంటూ సైలా లేచి చెయ్యి చాపింది.

రౌని బస్సులో కూర్చుని ఆలోచించింది. పిలుపుల గురించి ఆవిడకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒక్కసారి, అదీ లేవబోతూ పిలిచిన పిలుపది. కొట్లో ఎదురుపడినప్పుడు "ఎప్పుడైనా మా ఇంటికి రా" అంటాం. ఎవరూ వెళ్ళరు, వెళ్తే ఇంటివాళ్ళు కంగారు పడతారు. అమ్మాయి మర్యాద తెలిసిన పిల్లే, ఆ మాట అనాలి కాబట్టి అంది, తను మాత్రం దాన్ని పట్టుకుని ఫోన్ చేసేటంత తెలివితక్కువది కాదు. రౌనికి కోపం రాలేదు సరికదా, అమ్మాయి మీద మంచి అభిప్రాయమే కలిగింది. కార్డు తీసుకెళ్ళి కొవ్వొత్తుల సొరుగులో పెట్టింది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక ఫిబ్రవరి శనివారం సౌనాలో, అంటే పెరట్లోని ఆవిరి స్నానాల గదిలో, ఒళ్ళు రుద్దుకుంటుంటే, కోత మచ్చ చంక వైపు ముగిసేచోట వేలికి ఏదో తగిలింది. బఠాణీ గింజంత. గట్టిగా ఉంది, నొక్కితే జరగలేదు. రౌని వేడి రాళ్ళ మీద పోయబోయిన నీళ్ళు పక్కన పెట్టేసి, బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయింది. భయం వేసింది. ఎంత భయమంటే, ఆ శనివారం ఆవిడ తల కడుక్కోవడం మర్చిపోయింది.

తర్వాతి శనివారం చూసుకుంది, ఉంది. ఆ పై శనివారమూ ఉంది. కార్డు తీసి ఫోన్ పక్కన పెట్టుకుంది. పది గంటలకు చేద్దామంటే అది డాక్టర్లు వార్డులో తిరిగే వేళ. పదకొండయితే నర్సులు కాఫీ తాగుతూ ఉంటారు. పన్నెండు భోజనాలు. మూడయితే ఇంటికెళ్ళే తొందరలో ఉంటారు. నర్సుకు తీరుబడిగా ఉండే గంట రోజు మొత్తంలో ఆవిడకు ఒక్కటీ దొరకలేదు. అదీ కాక, తీరా చూస్తే ఏమీ లేదనుకోండి. నిజంగా జబ్బు చేసినవాళ్ళ చోటు తను ఆక్రమించినట్టవుతుంది. కార్డు మళ్ళీ సొరుగులోకి పోయింది. అలా ఏడు వారాలు. పగలు పని చేసుకునేది, పడుకునేముందు వేలు దానంతటదే అక్కడికి పోయేది.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. సర్కిలంపిలోనూ పక్క పల్లెల్లోనూ కేన్సర్ వైద్యం చేయించుకున్నవాళ్ళందరినీ చూడ్డానికి సైలా స్వయంగా చర్చి హాలుకు వస్తోందట. హాలుకు ఇప్పుడు జీతమిచ్చి పెట్టుకున్న మనిషి లేదు. కాఫీ సంగతి చూడగలవా అని చర్చి ఆఫీసువాళ్ళు రౌనినే అడిగారు. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. వంటగదిలో ఉన్న మనిషి వెళ్ళి రోగుల వరసలో కూర్చోనక్కర్లేదు కదా.

ఆ రోజు సరస్సు మీద మంచు నల్లబడి కుళ్ళుతోంది, దారంతా బురద. పంతొమ్మిది మంది వచ్చారు. బూట్లు గుమ్మం దగ్గర విప్పి మేజోళ్ళతో వచ్చి గోడల వెంబడి కూర్చున్నారు. తలుపు పక్క కుర్చీలో అర్మస్, మోకాలి మీద టోపీ పెట్టుకుని. మూడేళ్ళ కిందట అతని పిక్క మీద నల్లమచ్చ తీసేస్తే, అది కేన్సరని తేలింది.

సైలా అరగంట మాట్లాడింది. బాగానే చెప్పింది. చివర్లో ఎవరికైనా ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగింది. ఎవరూ పలకలేదు. ఇంకోవైపు తిరిగి, అడగాల్సినవి ఏమైనా ఉన్నాయా అంది. "ఏముంటాయి," అంది ఎవరో ఒకావిడ నేల చూస్తూ.

"సరే అయితే, కాఫీ ఉంది, తీసుకోండి," అంది సైలా.

ఎవరూ కదలలేదు. సైలా చూసింది, చూసింది, చివరికి వంటగదిలోకి వచ్చింది.

"వీళ్ళెవరికీ కాఫీ వద్దనుకుంటా రౌనిగారూ. ఫ్లాస్కుల్లో పోసి సర్దేద్దామా?"

రొట్టె కోస్తున్న రౌని చెయ్యి ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ వంటగదిలో అటువంటి మాట ఎవరూ అనలేదు.

"వద్దని ఎవరన్నారు?"

"ఎవరూ లేవలేదు కదండీ."

"ఎన్నిసార్లు పిలిచావు?"

"ఒకసారి. అందరికీ వినపడేలాగే చెప్పాను."

"ఒకసారి పిలిస్తే ఎవరు లేస్తారమ్మాయ్. మొదటిసారి పిలిచేది కాఫీ అయిందని తెలియడానికి. రెండోసారి పిలిచేది అందరికీ సరిపోతుందని తెలియడానికి. మూడోసారి పిలిస్తేనే అది పిలుపు. ఆ లోపల లేచినవాళ్ళని ఇక్కడ ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"హెల్సింకీ వాళ్ళంటారు."

సైలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. పొయ్యి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"మూడొందల నలభై మందికి ఇచ్చాను నా నంబరు," అంది. "టౌనువాళ్ళు రోజూ చేస్తారు. కాలు తిమ్మిరెక్కినా చేస్తారు. ఈ పక్కనుంచి రెండేళ్ళలో ఒక్క ఫోన్ రాలేదు. మొదట్లో మీవాళ్ళంతా గట్టివాళ్ళనుకున్నాను. మీ నీళ్ళలో ఏదో ఉందనుకున్నాను. క్రిస్మస్ ముందు ఒకావిడని అంబులెన్సులో తీసుకొచ్చారు. గడ్డ పదకొండు నెలలుగా ఉందట. ఎందుకు ఫోన్ చెయ్యలేదమ్మా అని అడిగితే, నువ్వు పనిలో ఉంటావేమోనని అంది." "నా పనే అది."

పేరు ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఫిబ్రవరిలో ఆవిడ చావుకు కాఫీ కాయడానికి వచ్చింది రౌనియే.

"ఆవిడకి నేను ఒక్కసారే చెప్పాను," అంది సైలా.

రౌని మళ్ళీ కత్తి తీసుకుంది. ఏలకుల వాసన మధ్య రెండు ముక్కలు కోసింది. తర్వాత సైలా అడిగింది.

"మీకెలా ఉంది రౌనిగారూ?"

"నాకేం, బాగానే ఉంది."

సైలా స్టూలు మీంచి లేవలేదు. "ఏమైనా తేడాగా ఉందా?"

"ఈ వయసులో తేడా లేనిదెవరికిలే. ఉందంటే ఉంది, లేదంటే లేదు."

సైలా స్టూలు దగ్గరకు జరుపుకుంది. రౌని చేతిలోంచి కత్తి మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. మోచెయ్యి పట్టుకుంది. "మూడోసారి అడుగుతున్నాను," అంది.

మొదటి రెండుసార్లు కాదనడం మర్యాద. మూడోసారి కాదంటే అది పిలిచినవాళ్ళ మొహం మీద తలుపు వేయడం. ఈ సంగతి ఆ అమ్మాయికి నిమిషం కిందట తన నోటితోనే చెప్పింది. ఇప్పుడు ఎటూ తప్పించుకోలేకపోయింది.

"ఉంది," అంది రౌని. "ఇక్కడ. ఏడు వారాలుగా."

కప్పులు సర్దే చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సైలా వేళ్ళతో నొక్కి చూసింది, చంక కింద చూసింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "మంగళవారం రండి. ఎనిమిదిన్నరకి. స్కాన్ చేసి, అవసరమైతే సూదితో ముక్క తీస్తారు. ఇదిగో, ఇప్పుడే రాయిస్తున్నాను," అని అక్కడే నిలబడి ఫోన్ చేసింది. అంతే. ఏడు వారాల బరువు దింపుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రౌని జాకెట్టు బొత్తాలు పెట్టుకుని, ఆప్రాన్ సవరించుకుని, హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాఫీ చల్లారుతోంది మరి.

కాఫీ కావాల్సిన మనిషి ఎలా కూర్చుంటాడో ఆవిడకు తెలుసు. కుర్చీ అంచుకు జరిగి, మడమలు లోపలికి లాక్కుని, చూపు ఎటో పెట్టి కూర్చుంటాడు. ఆ రోజు పంతొమ్మిది మందిలో చాలామంది అలాగే కూర్చున్నారు. అయితే వాళ్ళు చూడకుండా చూస్తున్నది కాఫీ పాత్రను కాదు. సైలా కుర్చీ మీద వదిలేసిన సంచీని, అందులోంచి కనపడుతున్న నోటుపుస్తకాన్ని.

"కాఫీ తీసుకోండి," అంది రౌని గుమ్మంలోంచి. తర్వాత కుర్చీల మధ్యకు వచ్చి, "రొట్టె వేడిగా ఉంది, రండి," అంది. ఇక ఎవరిని లేపుతుందోనని అందరూ చూశారు. రౌని ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, కప్పు తీసుకుని, తనకు తాను కాఫీ పోసుకుంది.

"ఈవేళ ముందు నేనే తాగుతున్నాను," అంది. "ఇప్పుడే లోపల సైలాకి చెప్పొచ్చాను. కోత పెట్టిన చోట నాకు గడ్డ తగులుతోంది. ఏడు వారాల నుంచి నోరు మూసుకు కూర్చున్నాను, బుద్ధి తక్కువై. మంగళవారం రమ్మంది. మీలో ఎవరికైనా ఏదైనా ఉంటే కాఫీ తీసుకుని ఆవిడ పక్కన కూర్చోండి. నేను ముందు లేచాను కాబట్టి అనేవాళ్ళు నన్నే అంటారు, మిమ్మల్నెవరూ ఏమీ అనరు."

రౌని చెవులు ఎర్రబడ్డాయి. ఎవరివైపూ చూడలేక కప్పులోకి చూసింది. అప్పుడు నేల చూస్తూ "ఏముంటాయి" అన్నావిడ లేచింది. చెయ్యి వాచి గాజు పట్టడం లేదట, శీతాకాలం నుంచీ. ఆవిడ వెనక ఇంకొకాయన. ఆయన వెనక ఇద్దరు. సైలా వంటగదిలోంచి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కాసేపట్లో ఆమె దగ్గర వరస కట్టారు, ఒక చేతిలో కప్పు, ఒక చేతిలో రొట్టె పట్టుకుని. సైలా రాస్తూనే ఉంది. ఆమె కాఫీ పక్కనే చల్లారిపోయింది.

అర్మస్ మాత్రం లేవలేదు.

"కాఫీ, అర్మస్."

"తాగొచ్చాను."

"నీ కాలు ఎలా ఉందోయ్?"

"ఉన్నచోటే ఉంది."

రౌని వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది. "లే. నువ్వొక్కడివే మిగిలావు. నేను గిన్నెలు కడుక్కోవాలి."

లేచాడు. సైలా దగ్గరికి వెళ్ళి టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "ఇది ఆడవాళ్ళతో చెప్పే చోటు కాదు," అన్నాడు.

"ఏ చోటండీ?"

అర్మస్ పైకప్పు కేసి చూశాడు. "కాలికి పైన. కడుపుకి కింద."

"గజ్జల్లోనా?"

"అక్కడని అనుకోవచ్చు. ఇంకో చోటని కూడా అనొచ్చు."

"గడ్డలా ఉందా?"

"కోడిగుడ్డంత లేదు," అన్నాడు అర్మస్. "ఇంకా."

రౌని వంటగదిలోకి వెళ్ళి పంపు తిప్పింది, మిగతాది వినపడకుండా.

మంగళవారం స్కాన్ చేశారు, సూదితో ముక్క తీశారు. ఎనిమిది రోజుల తర్వాత సైలా ఫోన్ చేసింది. "రౌనిగారూ, కేన్సర్ కాదు. ఆపరేషన్ చేసిన చోట కొంచెం కొవ్వు చచ్చి గట్టిపడింది, అంతే. దానివల్ల ఏ ప్రమాదమూ లేదు." రౌని ఫోన్ పెట్టేసి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెద్దగా ఏడ్చింది. బతికినందుకు అంత సంతోషం ఆవిడకు ఎప్పుడూ కలగలేదు.

ఆ సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు నుంచి సిగ్గు మొదలైంది. ఇద్దరు డాక్టర్లు, ఒక మెషీను, ఒక సూది, ఇదంతా చచ్చిన కొవ్వు కోసమా. హాలులో పంతొమ్మిది మంది ముందు కప్పు పట్టుకుని ఉపన్యాసం చెప్పిందే, ఆ మాటలన్నీ తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. కొట్లో ఎవరైనా "ఏమన్నారు?" అని అడిగితే "ఏమీ లేదట" అనేది. "మంచిదే" అనేవాళ్ళు. నిజంగా మంచిదనే అన్నారు పాపం, ఆవిడకు మాత్రం అందులో ఎకసెక్కెం వినపడేది. జూన్‌లో తుంటి దగ్గర నొప్పి మొదలైంది. రాత్రుళ్ళు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేది. ఎముక నొప్పి తగ్గకపోతే చెప్పమని సైలా అన్నది గుర్తుంది. అయినా ఈసారి చావనైనా చస్తాను గాని చెప్పనని గట్టిగా అనుకుంది. ఒకసారి నవ్వులపాలయింది చాలు.

జూన్ నెలాఖర్లో వచ్చే నడివేసవి పండుగ వెళ్ళిన వారానికి, ఒక మధ్యాహ్నం, అర్మస్ చేతికర్రతో ఆవిడ పెరట్లోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. చేతిలో కాగితం పొట్లం, పొగబెట్టిన చిన్న చేపలు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. రౌని అతని కాలు కేసి చూసింది.

"కోశారా?"

"కోశారు."

"ఏమన్నారు?"

అర్మస్ సరస్సు కేసి చూస్తూ చెప్పాడు. కాలి మచ్చలోని జబ్బే పైకి పాకి గజ్జల్లో గడ్డ కట్టింది. ఒక్క గడ్డలోనే ఉంది, తీసేశారు. మళ్ళీ రాకుండా ఏడాది పాటు మందు ఎక్కిస్తారు. ఇంకో రెండు మూడు నెలలు ఊరుకుని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేదని డాక్టరు అన్నాడట. ఇంత పొడుగు మాట అర్మస్ నోట రౌని ఎప్పుడూ వినలేదు.

"నీదాంట్లో ఏమీ లేదటగా," అన్నాడు.

"ఏమీ లేదు." రౌని మొహం కందిపోయింది. "అనవసరంగా అంతమందిలో గోల చేశాను. తలెత్తుకోలేకపోతున్నాను అర్మస్."

అతను చేపల పొట్లం ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "నాదాంట్లో ఉంది," అన్నాడు. "క్రిస్మస్ నుంచి తెలుసు నాకు. ఆ రోజు కూడా చెప్పకుండా ఇంటికి పోదామనే వచ్చాను. నువ్వు లేవకపోతే నేను లేచేవాణ్ణా?"

"ఏమో. లేచేవాడివేమో."

"లేచేవాణ్ణి కాదు," అన్నాడు అర్మస్.

రౌని ఆప్రాన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. అర్మస్ మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుని, ఆ చేపలు ఇవాళే తినేయాలి, రేపటికి ఉండవని చెప్పాడు. కాసేపు కూర్చుని, కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ తుంటి నొప్పి గురించి మీరేం బెంగ పెట్టుకోకండి. అది రోజూ వేసుకునే మాత్రల వల్ల వచ్చిందని తేలింది, మాత్ర మార్చారు, తగ్గింది. నేను చెప్పదలచుకున్నది దానికి ముందు సంగతి. అర్మస్ గేటు దాటి రోడ్డెక్కేవరకూ రౌని మెట్ల మీదే ఉంది. తర్వాత లోపలికి వెళ్ళింది. అప్పుడు రెండున్నరయింది. నర్సులకు ఆ వేళ తీరుబడి ఉంటుందో ఉండదో ఆవిడ ఆలోచించలేదు. అవతల రెండు రింగులకే ఎత్తారు.

"సైలా, నేను సర్కిలంపి రౌనిని," అంది. "తుంటిలో నొప్పి. మూడు వారాలుగా తగ్గట్లేదు. ఏమీ కాకపోవచ్చు. అయినా చెబుతున్నాను."